సరంగు కొరికిన ఉండ

కొబ్బరి వేగే వాసన అరుగు మీద పడుకున్న మనిషి దాకా పోకూడదని పెద్దతల్లి వీధి తలుపు మూసి, పెరటి తలుపు బార్లా తీసింది. అది తెలివితక్కువ పని. భావనపాడులో గాలి పెరటి వైపు నుంచే, సముద్రం మీంచి వస్తుంది. వాసనను పట్టుకుపోయి తలుపు సందుల్లోంచి నేరుగా అరుగు మీదికే తోసింది.

"పాకం ముదిరిపోతంది. దించీ," అన్నాడు ఢిల్లీరావు బయటి నుంచి.

"నువ్వు పడుకో మావా."

"పడుకునే సెప్తన్నాను. రాయైపోతే ఎవుడు కొరుకుతాడే?"

ఆమె మూకుడు దించింది. పాకం నిజంగానే ముదిరింది. అతని ఒంట్లో ఒక్కటొక్కటీ పని మానేస్తున్నా ముక్కూ నోరూ మాత్రం పాతికేళ్ళ కుర్రాడివిలాగే ఉన్నాయి. పెద్దతల్లి భయమంతా ఆ రెండింటి గురించే.

తెల్లారితే ఆదివారం. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు గౌతమి మొగుడు మనోహర్, ఊళ్ళోని ఇంకొందరు మగాళ్ళతో కలిసి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు బయల్దేరుతున్నాడు. అక్కడి బోట్ల మీద వేట చేసి, మళ్ళీ ఎండలు ముదిరాక గానీ ఇంటి మొహం చూడరు. వెళ్ళే ప్రతి మగాడి సంచిలోనూ ఒక డబ్బా కొబ్బరుండలు ఉంటాయి. పెద్దతల్లి చేతి ఉండలే ఉండాలి. ఆమె హస్తవాసి అలాంటిదని ఊరి నమ్మకం. కాయలు ఎవరివి వాళ్ళు తెచ్చి ఆమె గుమ్మంలో దించి పోతారు.

కొబ్బరితో ఆమెకు పొత్తు పెళ్ళయిన ఏడాదే మొదలైంది. ఎండు నెత్తళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ఉద్దానం తోటల వైపు నడిచేది. రైతుల ఆడవాళ్ళు దోసిలితో నెత్తళ్ళు తీసుకుని, రాలిన కాయలు గంపలో వేసేవారు. మొగుడు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ ఆమె ఇల్లు ఆ మారకంతోనే నడిచింది. తిత్లీ తుపానుకు తోటలు తోటలే నేలకు ఒరిగిపోయాక, "మాకే నేవు పెద్దతల్లీ," అంటూ వాళ్ళు రెండు ఖాళీ చేతులూ చూపించారు. అయినా చేపలు అడక్కుండా ఒక కాయ గంపలో పడేసేవాళ్ళు. ఆ కాయతోనే ఆ ఏడు ఢిల్లీరావుకు ఉండలు కట్టింది.

అతను మీసాలు రాకముందే ఊరు వదిలినవాడు. ముందు పారాదీప్. తర్వాత బెంగాల్ వైపు దిఘా. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి చెన్నై కాశిమేడు, కొచ్చి, మంగళూరు, రత్నగిరి, చివరికి వెరావల్. కళాసీగా బోటెక్కినవాడు సరంగై బోటు నడిపాడు. ఏ రేవులో దిగినా మొదట కొబ్బరుండ దొరికే కొట్టు వెతికేవాడు. తన ఊరి ఉండ లాంటిది ఇక్కడా ఉందా, ఉంటే దాన్నేమంటారు అని. ఒక ముక్క కాగితంలో చుట్టి దాచి, నెలల తర్వాత ఇంటికి తెచ్చేవాడు. అప్పటికది గట్టిపడి, కాగితం మీది అక్షరాలు దానికి అంటుకుని ఉండేవి. పెద్దతల్లి పంటి చివర కొరికి తీర్పు చెప్పేది.

"ఇదేటి, ఏలకులు కుమ్మరించీసినారు."

"గుజరాతీలే. కోప్రాపాక్ అంతారు దీన్ని. బిళ్ళలుగా కోత్తారు."

"కోసుకోనీ. కొబ్బరి రుచేదీ?"

ఆమె టెక్కలి, పలాస దాటి వెళ్ళింది లేదు. ఒకసారి శ్రీకాకుళం వెళ్ళింది, అదీ ఆసుపత్రి పని మీద. ఆమెకు తెలిసిన దేశమంతా ఆ ముక్కల్లోనే ఉంది. పారాదీప్ అంటే నడియా లడ్డు. దిఘా అంటే నార్కేల్ నారు, కొంచెం మాడిన బెల్లం వాసన. కాశిమేడు అంటే తేంగాయ్ మిఠాయి. కొచ్చిలో తేంగా ఉండ, మంగళూరులో కొబ్బరి మిఠాయి, రత్నగిరిలో నారళాచీ వడి. గౌతమి చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూచుని ఒక్కొక్క రేవు పేరూ అడిగేది. అతను అక్కడి పేరు చెప్పేవాడు. వెరావల్ దాకా వచ్చాక పిల్ల ఆగేది. ఆగి, "మరింటికాడ?" అనేది. "ఇంటికాడ కొబ్బరుండ," అని అతను పెద్దతల్లి చేతిలోంచి ఒకటి లాక్కుని దాని నోట్లో పెట్టేవాడు. అక్కడితో వేట సీజను అయిపోయినట్టు.

కిడ్నీ జబ్బు ఎవరింట్లో అడుగు పెడుతుందని ఈ తీరంలో ఎవరూ అడగరు. ఎప్పుడు అన్నదే అడుగుతారు. పెళ్ళిళ్ళలో కూడా పక్క పక్క విస్తళ్ళ ముందు కూచున్నవాళ్ళు కుశలం అడిగినట్టు "నీకు క్రియాటిన్ ఎంత?" అని కిడ్నీ పరీక్షలో తేలిన అంకె అడుగుతారు. ఢిల్లీరావుకు కాళ్ళు వాచింది వెరావల్‌లో ఉండగానే. ఉప్పు నీళ్ళలో నానిన వాపనుకుని సీజను పూర్తి చేసి వచ్చాడు. వచ్చేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు టెక్కలి తీసుకుపోయి మిషను మీద పడుకోబెట్టి రక్తం కడిగించాలి. ఆదివారం ఉండదు. శనివారం కడిగిన రక్తం మళ్ళీ మంగళవారం దాకా ఆగాలి. ఇంత వ్యవధి ఉండే రోజే జాగ్రత్తగా ఉండాలని అక్కడి నర్సు అనిత చెబుతూనే ఉంటుంది.

"కొబ్బరి ముట్టుకోకు మావయ్యా. నీళ్ళయినా, కాయయినా, కురిడీ అయినా. బెల్లం కూడా వద్దు. వాటిలో పొటాషియం ఉంటది. నీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుందంటే గుండె చెప్పకుండా ఆగిపోద్ది."

"మా ఊళ్ళో కొబ్బరి తిని సచ్చినోడు నేడమ్మా," అన్నాడతను. "కాయ నెత్తిన పడి సచ్చినోడున్నాడు గాని."

అనిత నవ్వలేదు. "నువ్వు మొదటోడివి అవకు," అంది. పెద్దతల్లి వైపు తిరిగి, కూరముక్కల్ని కూడా నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోశాకే వండాలని చెప్పింది. అలా చేస్తే అందులో ఉన్నది చాలావరకు నీళ్ళతో పోతుందట. ఆమె అలాగే వండుతోంది. ఇంట్లో కూరకు రుచి పోయి ఏడాదైంది.

ఉండలు కట్టడం పెద్దతల్లి వంతయితే, కొరకడం ఢిల్లీరావు వంతు. బయల్దేరే రోజు పొద్దున్న ఒడ్డున మొదటి ఉండ గంగమ్మకు వేస్తారు. తర్వాత, ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సీజన్లు చేసి, ఒంటికి దెబ్బ తగలకుండా ఇల్లు చేరిన సరంగు వెళ్ళేవాళ్ళలో ఒక్కొక్కరి కోసం ఒక్కో ఉండ కొరికి మిగిలిన సగం వాళ్ళ నోట్లో పెడతాడు. తిరిగొచ్చిన నోటి ఎంగిలి వెళ్ళేవాణ్ణి తిరిగి తెస్తుందని. మొదటి ఉండ నీళ్ళలో పడ్డప్పటి నుంచి ఆఖరి మగాడు ఇసక దాటి రోడ్డెక్కేదాకా ఒడ్డున ఎవరూ 'ఒద్దు' అనకూడదు. 'నేదు' అనకూడదు. వెనక్కి పిలవకూడదు. తల అడ్డంగా ఊపినా అన్నట్టే. సముద్రం వింటుందంటారు. నోరు జారుతుందన్న భయంతో ఆడవాళ్ళు చెంగు పళ్ళ మధ్య బిగించుకుని నిలబడతారు.

కిందటేడు ఢిల్లీరావు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరూ కొరకలేదు. ఆ సీజన్లో ఎదురింటి ఎర్రమ్మ పెద్దకొడుకు హేమంత్ వల లాగుతూ నీళ్ళలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఎర్రమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. దినం నాడు మాత్రం, వచ్చిన చుట్టాలకు వినిపించేలా, "మా గుంటడికి సరంగు నోరు తగల్నేదు," అంది. పెద్దతల్లి ఆ మాట వింది. వినడమంటే వినడం కాదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా అది చెవిలోంచి దిగలేదు.

అందుకే వారం కిందట గౌతమి వచ్చి గోడకానుకుని నిలబడగానే, అది ఏమడుగుతుందో ఆమెకు తెలిసిపోయింది.

"ఒక్క కొరుకే కదమ్మా."

"ఆ నర్సు ఏటందో నువ్వూ విన్నావు."

"విన్నాను. ఎర్రమ్మత్త ఏటందో కూడా విన్నాను," అంది గౌతమి. "నానేటి నాన్నని సంపీమంతన్నానా?" అని ఏడ్చింది.

అరుగు మీంచి ఢిల్లీరావు దగ్గాడు. "అది అడిగింది నన్ను గాని నిన్ను కాదే," అన్నాడు. "అల్లుడికి నోరందించలేనోడు సరంగేటి?"

అప్పుడు పెద్దతల్లికి ఆ ఆలోచన వచ్చింది. కూరముక్కలకు పనికొచ్చిన మందు కొబ్బరికి పనికిరాదా? ఇప్పుడు, బయల్దేరే ముందురోజు, మూకుడు దించి బెల్లం ఉండలన్నీ కట్టి డబ్బాల్లో సర్దాక, విడిగా తీసి పెట్టిన ఒక చిప్ప తురిమింది. నీళ్ళు పోసి ఉడికించి వార్చింది. మళ్ళీ ఉడికించి మళ్ళీ వార్చి, గుడ్డలో వేసి పాలన్నీ పోయేలా పిండింది. మిగిలిన పిప్పిని బెల్లం ముట్టించకుండా పంచదారతో కలిపింది. తెల్లగా, వాసన లేకుండా, ఒకే ఒక్క ఉండ అయింది. మిగతావన్నీ ఎర్రగా ఉన్నాయి గనక పొరపాటుకు తావు లేదు. అరిటాకు ముక్కలో చుట్టి బొడ్లో దోపుకుంది. అతని జబ్బు ఊరందరికీ తెలుసు గనక అల్లుడికి తప్ప ఇంకెవరికీ కొరకమని అడగరనుకుంది. ఆ రోజుకది ఆమెకు గెలుపులాగే అనిపించింది.

పొద్దున్న ఒడ్డున గాలి లేదు. కెరటం కూడా చప్పుడు లేకుండా వచ్చి ఇసకను నాకి పోతోంది. ఇలాంటి సముద్రాన్ని ఢిల్లీరావు 'పడుకున్నట్టు నటించే కుక్క' అంటాడు. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని అతన్ని తీసుకొచ్చి బోల్తా వేసిన తెప్ప మీద కూచోబెట్టారు. కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, గడ్డం గీయించుకుని ఉన్నాడు. చుట్టూ చేరిన కుర్రాళ్ళు వేళాకోళాలు మొదలెట్టారు.

"మావా, కొరకడానికి పళ్ళున్నాయా?"

"నీ తల కొరికి సూపించనా?"

పెద్దతల్లి మోకాళ్ళ లోతు దాకా దిగి మొదటి ఉండ నీళ్ళలో వేసింది. అది కాస్సేపు తేలి, తర్వాత మునిగింది. ఒడ్డున మాటలు ఆగిపోయాయి. ఆమె చెంగు నోట్లో పెట్టుకుంది. బొడ్లోంచి తెల్ల ఉండ తీసి మొగుడి చేతిలో పెట్టింది. అతను కొరికి నమిలాడు. భార్య వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఇదేటి, కొబ్బరుండా, దూదుండా?"

అందరూ గొల్లున నవ్వారు. మనోహర్ నోట్లో మిగిలిన సగం పెట్టాడు. "ఎల్లిరా," అన్నాడు. గౌతమి చెంగు వెనక నుంచి ఏడుస్తూ నవ్వింది. పెద్దతల్లి ఊపిరి వదిలింది. అయిపోయింది అనుకుంది.

అప్పుడు జనం పక్కకు తప్పుకున్నారు. ఎర్రమ్మ వస్తోంది. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నకొడుకు వెంకటేష్ ఉన్నాడు. వాడికిది మొదటి సీజను. వెళ్తున్నాడని పెద్దతల్లికి తెలుసు. వాడి డబ్బా కూడా తనే కట్టింది. కానీ పెద్దకొడుకు పోయాక ఇల్లు దాటని ఎర్రమ్మ ఇలా ఒడ్డుకొస్తుందని ఆమె అనుకోలేదు. ఎర్రమ్మ చేతిలో ఎర్రటి ఉండ ఉంది. బెల్లంతో కట్టినది, గుండ్రంగా, పెద్దతల్లి వేళ్ళ ముద్రలు ఇంకా పోనిది.

ఎర్రమ్మ ఉండను ఢిల్లీరావు ముందు పట్టుకుని నిలబడింది, అంతే.

ఢిల్లీరావు ఆమె భుజం మీంచి పెద్దతల్లి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. సుడిలోకి బోటు తిప్పే ముందు సరంగు కళాసీ వైపు అలా చూస్తాడట, తాడు వదలమంటావా ఉంచమంటావా అని. ఆమె తల కొంచెం అడ్డంగా కదిలిస్తే చాలు. కానీ వెనక మనోహర్ ఇంకా ఇసక మీదే ఉన్నాడు. వెంకటేష్ ఇసక మీదే ఉన్నాడు. వెళ్ళాల్సిన ప్రతివాడూ ఇసక మీదే ఉన్నాడు. సముద్రం చప్పుడు చెయ్యకుండా ఉంది.

పెద్దతల్లి చెంగు గట్టిగా కొరికి సముద్రం వైపు తిరిగింది.

తిరిగినా వినపడింది, పళ్ళ కింద బెల్లం పాకం చిట్లిన చప్పుడు. తర్వాత మరో గొంతు, "మావా, నాకు?" అంది. ఇంకో గొంతు, "సరంగూ, మావోడికి కూడా." ఎర్రమ్మ కొడుక్కి ఇచ్చాక ఇంకెవరికి లేదంటాడు? 'నేదు' అనే మాటే అక్కడ లేదు. డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. ఢిల్లీరావు గొంతు మెల్లగా హుషారెక్కింది. ఏడాదిగా విననంత గట్టిగా మాట్లాడుతున్నాడు. "అబ్బ, ఇదీ కొబ్బరుండంటే! ఆ గుజరాతీలకి సూపించండ్రా!" ఆమె చెంగు లాలాజలంతో తడిసిపోయింది. ఆఖరి మగాడు రోడ్డెక్కాక ఆమె నోట్లోంచి దాన్ని తీసింది. అప్పటికి అనడానికి ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చాక అతను అరుగు మీద కూచుని దారిన పోయేవాళ్ళందర్నీ పలకరించాడు. ఆ జబ్బుకు తాగేది కూడా లెక్క ప్రకారమే గనక, మజ్జిగ అడిగితే ఆమె పుక్కిలించడానికి నీళ్ళిచ్చింది. రెండుసార్లు కాళ్ళు పట్టి చూసింది. "ఏటే, పోలీసుదానిలాగ," అని విసుక్కున్నాడు. ఆమె అనితకు ఫోన్ చెయ్యాలనుకుంది. చేసి ఏం చెప్పాలో తెలియక కొంతసేపు, చెబితే నిజమవుతుందని కొంతసేపు, ఊరుకుంది.

ఎండ పడమటి వైపు వాలాక అతను లేవబోయి మళ్ళీ అరుగు మీదే కూలబడ్డాడు.

"కాళ్ళు నావి కాకుండా పోనాయే," అన్నాడు ఆశ్చర్యంగా. "పెదాలు తిమ్మిరెక్కినాయి."

అప్పుడు చేసింది ఫోన్. అవతల అనిత ఎంత తిన్నాడని అడిగింది. పెద్దతల్లికి లెక్క తెలీదు. "కొరికినాడమ్మా. అందరివీ కొరికినాడు." అనిత, "వెంటనే బయల్దేరు అత్తా. నేను డాక్టరు గారికి చెప్పి మిషను పెట్టిస్తాను. దారిలో నిద్రపోనివ్వకు, మాట్లాడిస్తూ ఉండు," అంది.

ఊళ్ళో ఆటో లేదు. ఉన్న ఆటోలన్నీ వెళ్ళేవాళ్ళను ఎక్కించుకుని పలాస స్టేషనుకు పోయాయి. గౌతమి కూడా వాళ్ళ వెంటే పోయింది, ఇంకా తిరిగి రాలేదు. పెద్దతల్లి రోడ్డు మీద నిలబడి రెండు వైపులా చూసింది. ఎదురింటి గుమ్మంలోంచి ఎర్రమ్మ ఆమెను చూస్తోంది. తర్వాత లేచొచ్చి, అడక్కుండానే, ఢిల్లీరావు పక్కన కూచుని విసనకర్ర తీసుకుంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పెద్దతల్లి అన్న కొడుకు లోకనాథ్ స్టేషను నుంచి ఖాళీ ఆటోతో వచ్చేసరికి ఎండ తగ్గింది. మావను వెనక సీట్లోకి ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. తల పెద్దతల్లి ఒళ్ళో పెట్టుకుంది.

"రైలెక్కించీసినాను మావా, మీ అల్లుణ్ణి," అన్నాడు లోకనాథ్ ఆటో తిప్పుతూ. "కిటికీ సీటు దొరికింది. మొహం వెలిగిపోతంది."

"ఎలుగుద్ది మరి," అన్నాడు ఢిల్లీరావు. నాలుక మందంగా ఉంది.

నౌపడ ఉప్పు మడుల పక్క రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. మడుల్లో నీళ్ళు కదలకుండా ఆకాశాన్ని పట్టుకుని ఉన్నాయి. అతని కళ్ళు మూతలు పడుతున్నాయి. పెద్దతల్లి చెంప మీద తట్టింది.

"మావా. పారాదీప్‌లో ఏటంతారు?"

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "నడియా లడ్డు."

"దిఘాలో?"

"నార్కేల్... నారు. మాడిన బెల్లం."

"కాశిమేడులో సెప్పు."

"తేంగాయ్ మిఠాయి."

ఆటో ఆగింది. ముందు రైలు గేటు పడి ఉంది. లోకనాథ్ హారను కొట్టి, ఎవరూ వినరని తెలిసి మానేశాడు. ముందు ఒక ఉప్పు లారీ, రెండు మోటారు సైకిళ్ళు. రైలు ఇంకా కనబడటం లేదు.

"కొచ్చిలో, మావా?"

"తేంగా ఉండ."

ఆమె చెయ్యి అతని ఛాతీ మీద ఉంది. కింద ఏదో తొందరపడి, ఆగి, మళ్ళీ గుర్తొచ్చినట్టు కొట్టుకుంటోంది. మంగళూరు పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. రత్నగిరి పేరు సగమే వచ్చింది. పట్టాలు సన్నగా మోగడం మొదలెట్టాయి.

"వెరావల్," అంది పెద్దతల్లి. "అక్కడేటంతారు? బిళ్ళలుగా కోత్తారు సూడు."

"కోప్రాపాక్," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "నిద్దరొత్తందే."

"ఒద్దు," అంది ఆమె.

పొద్దుట్నుంచీ పళ్ళ మధ్య ఆపి ఉంచిన మాట అది. రైలు వచ్చి పడింది. ఆ చప్పుడులో తన గొంతు తనకే వినబడక ఇంకా గట్టిగా అంది. "ఒద్దు మావా, ఒద్దు. ఎరావల్ అయిపోనాది. ఇంకింటికే. ఇంటికాడేటంతారు? ఇంటికాడ?"

లోకనాథ్ వెనక్కి తిరిగి చూశాడు. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. పెద్దతల్లి అతని నోటి మీదికి వంగి, పెదాలు కదులుతాయేమోనని చూస్తోంది. ఆ నోట్లోంచి ఇంకా బెల్లం వాసన వస్తోంది.